తోటకూ కొండబాటకూ తీసుకెళ్లే కత్తికి ఏ కోణంలో పదును పెట్టాలి?

బాకరాపేట బాటసారి, తిరుపతి

సభ్యులందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాల్లో బాకరాపేట దగ్గర మా మామగారి మామిడితోటకు వెళ్లి ఒక రాత్రి అక్కడే ఉండి వస్తుంటాను. పొయ్యి రాజేయడానికి ఎండు చింతకొమ్మలను పుల్లలుగా చీల్చడం, టెంకాయ పీచు వలవడం, పందిరి తాళ్లు కోయడం, ఒక్కోసారి కూరగాయలు తరగడం కూడా ఒకే కత్తితో కానిస్తాను. ఆ కత్తిని లారీ కమాను పట్టీతో కొలిమిలో చేయించుకున్నాను. అలుగు (పిడి కాక మిగిలిన ఇనుప రేకు) పొడవు 12 సెంటీమీటర్లు, వెడల్పు 32 మిల్లీమీటర్లు, వెన్ను మందం 4 మిల్లీమీటర్లు. వెన్ను దగ్గర మొదలైన వాలు మధ్యలో ఎక్కడా మెట్టు లేకుండా వాదర (కోసే అంచు) దాకా ఒకే తీరుగా పలచబడుతుంది.

నా ఇబ్బంది ఇది. ఫోనులో వాలును కొలిచే యాప్ పెట్టుకుని, ఫోనును అలుగు మీద ఆనించి, 20 డిగ్రీలు చూపగానే ఆ ఎత్తును చేతికి గుర్తు చేసుకుని పదును పెడుతున్నాను. పెట్టిన వెంటనే దినపత్రిక కాగితాన్ని చప్పుడు లేకుండా కోస్తుంది. ఒక్క పూట పుల్లలు చీల్చేసరికి మాత్రం టమాటా తోలు మీద కూడా జారుతుంది. ట్యూబులైటు కింద వాదరను పైకి తిప్పి చూస్తే, మధ్యలో నాలుగైదు చోట్ల సన్నని తెల్లని మెరుపు గీతలు కనబడుతున్నాయి. గోటిని వాదరకు అడ్డంగా ఆనించి లాగితే ఒక వైపు ఏమీ తగలదు, రెండో వైపు కొక్కెంలాగా తగులుతుంది.

అంతర్జాలంలో ఒకరు 20 అంటున్నారు, ఒకరు 25 అంటున్నారు, ఒకరైతే బయటి పనుల కత్తికి 40 డిగ్రీలు తప్పనిసరి అని రాశారు. ఉక్కే మెత్తనిదా, నేను పెట్టే కోణమే తప్పా, తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

సానరాయి, చిత్తూరు

బాటసారి గారూ, మీరు చూసిన అంకెల్లో 20కీ 40కీ తేడా లేకపోవచ్చు. కొందరు ఒక్కో వైపు కోణాన్ని చెబుతారు, కొందరు రెండు వైపులా కలిపిన మొత్తం కోణాన్ని చెబుతారు. ఒక్కో వైపు 20 అయితే మొత్తం 40. ఏ లెక్కలో చెబుతున్నారో అడగకుండా అంకెను పట్టుకుపోయి, కూరగాయల కత్తిని గొడ్డలిలాగా మొద్దు చేసుకున్నవారిని నేను చూశాను. ఇకమీదట ఈ చర్చలో అందరం ఒక్కో వైపు కోణాన్నే చెప్పుకుందాం.

ఆ లెక్కలో జపాను తరహా వంటింటి కత్తులు 10 నుంచి 15 డిగ్రీల మధ్య, ఐరోపా తరహా వంటింటి కత్తులు 17 నుంచి 20 మధ్య ఉంటాయి. బయట వాడే కత్తులు సాధారణంగా 20 నుంచి 25 మధ్య, నరకడానికే వాడే మచ్చుకత్తులు, గొడ్డళ్లు 25 నుంచి 30 మధ్య, ఒక్కోసారి అంతకు మించి ఉంటాయి. కోణం తగ్గినకొద్దీ వాదర వెనుక ఉండే ఉక్కు తగ్గుతుంది కాబట్టి కొయ్యలోకి దిగడానికి తక్కువ బలం చాలుతుంది. అయితే అలుగును పక్కకు మెలితిప్పినప్పుడు తట్టుకునే శక్తి కూడా అంతే తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలన్నదే మీ ప్రశ్న.

దానికి జవాబు పట్టికలో దొరకదు, మీ వాదర మీదే ఉంటుంది. పని చేశాక వాదర మూడు రకాలుగా చెడుతుంది. ఒక వైపుకు ఒరిగి మడతపడితే, ఉక్కు కాస్త మెత్తనిదనో, ఆ ఉక్కుకు ఆ కోణం చాలలేదనో అనుకోవాలి. చిన్న చిన్న పెచ్చులుగా ఊడిపోయి రంపపు పళ్లలాగా కనబడితే, ఉక్కు పెళుసుగా ఉండి దానికి ఆ కోణం చాలలేదని అర్థం. ఈ రెండూ లేకుండా, అంతటా సమానంగా అరిగి గుండ్రబడి మొద్దుబారితే, మీ కోణం మీ పనిని తట్టుకుంటోందని, ఇంకో రెండు డిగ్రీలు తగ్గించి చూడడానికి కూడా వీలుందని తెలుసుకోవచ్చు. మీరు చెప్పిన తెల్లని గీత, గోటికి తగిలే కొక్కెం మొదటి రకానివి. రెండు డిగ్రీలు పెంచి, మళ్లీ అదే పని చేసి, మళ్లీ అదే దీపం కింద చూడండి.

పుత్తూరు తోటమాలి

అయ్యా, నాకు డిగ్రీల లెక్క తెలియదు కానీ కత్తి పట్టి నలభై ఏళ్లయింది. మా తోటలో మచ్చుకత్తికి పొద్దున్నే ఆకురాయితో నాలుగు లాగులు, మధ్యాహ్నం సద్ది తిన్నాక మరో నాలుగు లాగులు వేస్తాం. చేతి ఊపుకు ఆ వాలు అద్దంలాగా చదునుగా రాదు, కొద్దిగా గుండ్రంగా వస్తుంది. వెనకాల పలచగా, అంచు దగ్గరికి వచ్చేసరికి బలంగా ఉంటుంది కాబట్టి కొయ్య నుంచి సులువుగా ఊడి వస్తుంది, వంగదు. మీ యాప్‌తో ఒక డిగ్రీ అటూ ఇటూ కాకుండా పట్టాలని చూసేకంటే, చెయ్యి కుదరడం ముఖ్యమని నా అభిప్రాయం.

ఇంకొక మాట కూడా అడగాలి. పుల్ల చీల్చేటప్పుడు కత్తి సగం దిగి ఇరుక్కుంటే మీరు ఏం చేస్తారు? వెన్ను మీద ఇంకో కొయ్యతో కొట్టి దించుతారా, లేక పిడి పట్టుకుని అటూ ఇటూ మెలితిప్పుతారా? మెలితిప్పితే ఏ కోణమైనా వంగుతుంది. ఎండు చింతకట్టె మామూలు కట్టె కాదు. మాంసం కొట్టే మొద్దుకు దాన్ని ఊరికే ఎంచుకోలేదు.

కొలిమి పక్కవాణ్ణి, పలమనేరు

మా ఇంట్లో తాత కాలం నుంచి కొలిమి ఉంది కాబట్టి ఉక్కు సంగతి చెబుతాను. కమాను పట్టీలో కార్బన్ సుమారు 0.6 శాతం ఉంటుంది. దానితో పాటు పట్టీని బట్టి సిలికాన్, మాంగనీస్ గానీ క్రోమియం గానీ కలిసి ఉంటాయి. దెబ్బను బాగా తట్టుకునే ఉక్కు అది. పెచ్చులూడడం అరుదు, వంగడమే దాని గుణం. సరిగ్గా కాల్చి నూనెలో ముంచి, తర్వాత సన్నని వేడి మీద దాని పెళుసుతనం దించితే మంచి కత్తి అవుతుంది. వేడి మరీ ఎక్కువైతే గట్టిదనం కూడా దిగిపోతుంది.

మీ ఉక్కు ఎట్లా ఉందో తెలుసుకోవడానికి ఒక కొత్త ఆకురాయి తీసుకుని, పిడి దగ్గర ఎవరికీ కనబడని చోట నెమ్మదిగా ఒకసారి లాగండి. గాజు మీద లాగినట్టు జారిపోతే గట్టిగా ఉన్నట్టు. కష్టంగా, కొద్దిగా పొడి రాలుతూ కొరికితే బయటి పనులకు సరిపోయేంత ఉన్నట్టు. చెక్కు తీసినట్టు సులువుగా కొరికితే మాత్రం ఏ కోణమూ దాన్ని కాపాడదు, మళ్లీ కొలిమికి తీసుకెళ్లవలసిందే.

ఇంకొకటి అడగాలి. వీధుల్లో సైకిలు తొక్కుతూ సాన పట్టేవాళ్ల దగ్గర గానీ, వెల్డింగు షాపులో గ్రైండరు మీద గానీ ఈ కత్తికి ఎప్పుడైనా పదును పెట్టించారా? నీళ్లు లేకుండా తిరిగే చక్రం మీద పలచని అంచు క్షణాల్లో కాలిపోతుంది. మొదట ఎండుగడ్డి రంగు వస్తుంది, అది సుమారు 220 డిగ్రీల సెల్సియస్. నీలం రంగు కనిపించిందంటే 300 దాకా పోయినట్టే. ఆ నీలం పట్టిన మేర గట్టిదనం పోయినట్టు లెక్క, రంగు తుడిచేసినంత మాత్రాన అది తిరిగి రాదు. ఒకసారి మా ఇంటికి వచ్చిన ఒక కత్తికి మొన నుంచి రెండు అంగుళాల దాకా అట్లాంటి నీలి చార ఉండింది. దాని యజమాని మూడు నెలలుగా కోణాలు మారుస్తూ కూర్చున్నాడు.

బాకరాపేట బాటసారి, తిరుపతి

అందరికీ కృతజ్ఞతలు. ఆకురాయి పరీక్ష చేశాను. కష్టంగా కొరికింది, కొద్దిగా పొడి రాలింది. గ్రైండరు మీద ఎన్నడూ పెట్టించలేదు, నీలి రంగు ఎక్కడా లేదు. భూతద్దంతో చూసినా పెచ్చులు కనబడలేదు, మడతలే ఉన్నాయి. తోటమాలి గారు అడిగినట్టు ఇరుక్కున్నప్పుడు మెలితిప్పే అలవాటు నాకు ఉంది, అది ఒప్పుకుంటున్నాను. అయితే ఈసారి మెలితిప్పకుండా, కొయ్యసుత్తితో వెన్ను మీద కొట్టి మాత్రమే పది పుల్లలు చీల్చి చూశాను. మడతలు తగ్గాయి కానీ పోలేదు.

గొడ్డలిమిత్రుడు, కుప్పం

ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. 30 డిగ్రీలు పెట్టేయండి. నా కత్తి 30లోనే ఉంది, రెండేళ్లుగా వంగలేదు.

సానరాయి, చిత్తూరు

మిత్రమా, వంగకపోవడం ఒక్కటే లక్ష్యమైతే మేకు కూడా వంగదు. బాటసారి గారు ఈ కత్తితో పుల్లల మీద సన్నని చెక్కుళ్లు తీయాలి, తాడు కోయాలి, కూరగాయలు తరగాలి. 30 దగ్గర అది కోయదు, చీలుస్తుంది. కోయని కత్తిని బలంగా నొక్కవలసి వస్తుంది, నొక్కిన కత్తి ఎప్పుడు జారుతుందో తెలియదు. తెగిన వేళ్లలో చాలా భాగం మొద్దు కత్తుల పనే అని నా అనుభవం. మీ కత్తి నరకడానికే అయితే 30 తప్పు కాదు, దాని పని వేరు.

వాదర వెనుక మందం గురించి ఎవరూ మాట్లాడలేదు. కోణం ఒకటే అయినా, పదునువాలు, అంటే వాదరను ఆనుకుని రాయి అరగదీసిన సన్నని వాలు, మొదలయ్యే చోట అలుగు అర మిల్లీమీటరు మందం ఉన్న కత్తి, ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉన్న కత్తి ఒకే రకంగా కోయవు. ఏళ్ల తరబడి రాయి మీద అరిగిన కత్తికి ఆ చోటు క్రమంగా వెన్ను వైపు జరిగి మందమవుతుంది. అప్పుడు కోణం సరిగ్గానే ఉన్నా కత్తి కొయ్యలో ఇరుక్కుంటుంది. బాటసారి గారూ, వెర్నియర్ కాలిపర్స్ ఉంటే ఆ మందం ఎంతో చెప్పండి.

బాకరాపేట బాటసారి, తిరుపతి

మా అబ్బాయి పాలిటెక్నిక్ పెట్టెలోంచి వెర్నియర్ తీసి కొలిచాను. పదునువాలు మొదలయ్యే చోట 0.7 మిల్లీమీటర్లు ఉంది.

మదనపల్లె మాస్టారు

ఇన్ని రోజులుగా చదువుతూ ఊరుకున్నాను కానీ, 0.7 అన్న అంకె కనబడ్డాక ఊరుకోలేకపోయాను. బాటసారి గారూ, మీరు పదును పెడుతున్నది 20 డిగ్రీల దగ్గర కాదని నా అనుమానం.

మీరు ఫోనును అలుగు పైముఖానికి ఆనించి 20 చూశామన్నారు. కత్తి కోణాన్ని లెక్కించవలసింది అలుగు మధ్యరేఖ నుంచి, ముఖం నుంచి కాదు. మీ అలుగు వెన్ను దగ్గర 4 మిల్లీమీటర్లు, వాదర దగ్గర 0.7 మిల్లీమీటర్లు. అంటే ఒక్కో ముఖం మధ్యరేఖ వైపుకు 1.65 మిల్లీమీటర్లు వాలుతోంది, అది కూడా 32 మిల్లీమీటర్ల నిడివిలో. 1.65ను 32తో భాగించి కోణంగా మార్చితే సుమారు 3 డిగ్రీలు వస్తుంది. కాబట్టి పైముఖం మీద ఫోను 20 చూపుతున్నప్పుడు, మధ్యరేఖ 17 దగ్గర, కింది ముఖం 14 దగ్గర ఉంటాయి. రాయి అరగదీసేది ఆ 17 డిగ్రీల కోణాన్నే.

నా మాట నమ్మనవసరం లేదు, కొలిచి చూడండి. వాదర పక్కన మెరిసే పదునువాలు వెడల్పును భూతద్దం కింద కొలవండి. 0.7లో సగం 0.35. ఆ 0.35ను వాలు వెడల్పుతో భాగిస్తే వచ్చేది మీ కోణపు సైను విలువ. నిజంగా 20 డిగ్రీలే అయితే ఆ వెడల్పు 1.02 మిల్లీమీటర్లు రావాలి. నా అనుమానం నిజమైతే 1.2 వస్తుంది.

ఈ వాలు లెక్కను పూర్వం నుంచే వాడుకున్న పనిముట్టు ఒకటి ఉంది. పాతకాలపు మంగలి కత్తిని రాతి మీద పూర్తిగా పరుండబెట్టి, వెన్ను, వాదర రెండూ రాతికి తగిలేటట్టు రుద్దుతారు. దాని వెన్ను మందమే కోణాన్ని నిర్ణయిస్తుంది, అది ఒక్కో వైపు సుమారు 8 డిగ్రీలు. అక్కడ చేతి నైపుణ్యంతో కోణం పట్టవలసిన పనే లేదు.

బాకరాపేట బాటసారి, తిరుపతి

మాస్టారూ, మూడు చోట్ల కొలిచాను. రెండు చోట్ల 1.2, మొన దగ్గర వంపులో 1.3 వచ్చింది. ఆరు నెలలుగా 20 అనుకుంటూ 17లో పదును పెట్టి, కత్తి చేసిన కమ్మరిని మనసులో తిట్టుకున్నాను. ఆయనకు క్షమాపణ చెప్పాలి. ఇప్పుడు ఏం చేయాలి? మొత్తం వాలును అరగదీసి 22కు మార్చమంటారా?

తలకోన యాత్రికురాలు, తిరుపతి

అరగదీయకండి. మీకు అయాచితంగా వచ్చిన ఆ 17 డిగ్రీల వాలు మంచిదే. దాన్ని అట్లాగే ఉంచి, చివరి అంచు మీద మాత్రం 22 దగ్గర ఇంకొక చిన్న వాలు ఇవ్వండి. దీన్ని మైక్రో బెవెల్ అంటారు. అది కంటికి వెంట్రుకంత గీతగా మాత్రమే కనబడుతుంది. వెనకాల 17 ఉండడం వల్ల కత్తి సులువుగా దిగుతుంది, అంచున 22 ఉండడం వల్ల ఒరగదు. తోటమాలి గారు ఆకురాయితో చేతి ఊపున సాధిస్తున్నది కూడా ఇదే, ఆయన రెండు వాలులకు బదులు ఒక గుండ్రని వాలు ఇస్తున్నారు, అంతే తేడా.

నాకు ఈ సంగతి నష్టపోయాక తెలిసింది. నా దగ్గర స్కాండినేవియా తరహా కత్తి ఉంది. దాని వాలు అలుగు మధ్యలో మొదలై, ఒక్కో వైపు సుమారు 12 డిగ్రీలతో నేరుగా వాదర దాకా దిగుతుంది, చివర వేరే వాలు ఉండదు. రాతి మీద ఆ వెడల్పాటి వాలును పరుండబెడితే కోణం దానంతటదే కుదురుతుంది కాబట్టి కొత్తవాళ్లకు చాలా సులువు. పచ్చి వేపకొమ్మ మీద కాగితం పలచన చెక్కుళ్లు తీస్తుంది. ఒకరోజు దానితో ఎండు వెదురు కణుపు కొట్టాను. వెదురు గడ్డిజాతి కాబట్టి దానిలో సిలికా ఉంటుంది, కణుపు దగ్గర గట్టిగా కూడా ఉంటుంది. అర మిల్లీమీటరు లోతున చంద్రవంకలాగా ఒక పెచ్చు ఊడిపోయింది. ఆ గంటు పోవడానికి వెడల్పాటి వాలు మొత్తాన్ని రెండు సాయంత్రాలు అరగదీయవలసి వచ్చింది. ఆ తర్వాత నుంచి చివర 20 దగ్గర ఐదారు సన్నని లాగులు ఇస్తున్నాను. చెక్కుళ్ల నాణ్యత కొద్దిగా తగ్గిన మాట నిజం, పెచ్చు మాత్రం మళ్లీ ఊడలేదు.

వేదిక నిర్వాహకులు

చర్చ మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి. సొంత తోటలో కత్తి వాడుకోవడం వేరు, శేషాచలం అడవుల్లోకి తీసుకెళ్లడం వేరు. తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు పరిధిలో ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో కత్తి కూడా ఉంది, అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యాల్లోకి, జాతీయ పార్కుల్లోకి వెళ్లకూడదు. ఎర్రచందనం దొంగల బెడద ఉన్న ఈ కొండల్లో సంచిలో కత్తితో దొరికిన వ్యక్తి చెప్పే మాట ఎవరూ వినరు. అలిపిరి తనిఖీ సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఇక కోణాల చర్చ కొనసాగించండి.

తలకోన యాత్రికురాలు, తిరుపతి

నిర్వాహకులకు నా మారుపేరు చూసి అనుమానం వచ్చినట్టుంది. తలకోనకు నేను పులిహోర పొట్లంతో మాత్రమే వెళతాను. కత్తి మా పాకాల పొలం గట్టు దాటదు.

బాకరాపేట బాటసారి, తిరుపతి

22 డిగ్రీలు నిలపడం ఎట్లాగో చెప్పండి. ఫోనులో ఇప్పుడు 25 చూడాలని మాత్రం అర్థమైంది. ఫోను తీసేశాక చేతికి ఆ ఎత్తు గుర్తుండడం లేదు.

మదనపల్లె మాస్టారు

ఫోనును పక్కన పెట్టి స్కేలు తీసుకోండి. వాదర రాతి మీద ఆని ఉన్నప్పుడు వెన్ను ఎంత ఎత్తులో ఉండాలన్నదే అసలు లెక్క. అలుగు వెడల్పును కోణపు సైనుతో గుణించి, దానిలోంచి వెన్ను మందంలో సగం తీసేయాలి. మీ 32 మిల్లీమీటర్ల అలుగుకు 22 డిగ్రీలంటే 12 వస్తుంది, సగం మందం సుమారు 2 తీసేస్తే 10 మిల్లీమీటర్లు. వెన్ను కింది అంచుకూ రాతికీ మధ్య 10 మిల్లీమీటర్ల సందు ఉండాలి. మీరు ఇప్పటిదాకా పట్టిన 17కు ఆ సందు 7.4 మాత్రమే. అంటే ఒక్కో డిగ్రీకి సుమారు అర మిల్లీమీటరు తేడా. చాలామంది సగం మందాన్ని తీసేయడం మరచిపోయి, నాలుగు డిగ్రీలు ఎక్కువ పెట్టుకుంటారు.

రూపాయి బిళ్లలను దొంతరగా పేర్చి, స్కేలుతో 10 మిల్లీమీటర్లు వచ్చేదాకా చూసుకుని, టేపు చుట్టి రాతి మీద ఒక చివర పెట్టండి. ప్రతి పది లాగులకు ఒకసారి వెన్నును ఆ దొంతరకు ఆనించి ఎత్తు సరిచూసుకోండి. స్కేలు కూడా దొరకని చోట చదరపు కాగితం మూలను రెండుసార్లు మడవండి. 90 డిగ్రీల మూల మొదటి మడతకు 45, రెండో మడతకు 22.5 అవుతుంది. మీకు కావలసిన కోణం దాదాపు అదే. ఆ కాగితపు మూలను రాతి పక్కన నిలబెట్టి, అలుగును దాని వాలుకు సమానంగా పట్టుకుంటే చాలు.

సానరాయి, చిత్తూరు

మాస్టారి లెక్కకు చేతిపని జోడిస్తాను. నల్ల మార్కర్ పెన్నుతో పదునువాలు మొత్తాన్ని రెండు వైపులా నలుపు చేయండి. తర్వాత 10 మిల్లీమీటర్ల ఎత్తులో రెండే రెండు లాగులు తేలికగా లాగి చూడండి. నలుపు వాదర చివరనే సన్నగా చెరిగితే మీరు పాత వాలు కన్నా ఎత్తులో ఉన్నట్టు, మీకు కావలసింది అదే. వాలు మధ్యలోనో వెనుకనో చెరిగి చివర నలుపు మిగిలితే కత్తి ఇంకా కిందికి ఉన్నట్టు. ఈ ఒక్క మార్కర్ పెన్ను ఏ యాప్ కన్నా నిజం చెబుతుంది.

ముందుగా ఇప్పుడున్న మడతలు పోయేదాకా 17 దగ్గరే 400 గ్రిట్ రాతి మీద (గ్రిట్ అంకె పెరిగినకొద్దీ రాయి నునుపు) పని చేయండి. ఒక వైపు లాగినకొద్దీ రెండో వైపు అంచున, బొటనవేలిని వాదర నుంచి బయటికి జరిపితే గరుకుగా తగిలే సన్నని ఇనుప పొర లేస్తుంది. లేతు పనివాళ్లు దాన్ని బర్ అంటారు. పిడి నుంచి మొన దాకా అది తగిలిన తర్వాతే రెండో వైపుకు తిప్పాలి. అది లేవకుండా తిప్పినవాళ్లు ఎంతసేపు రుద్దినా వాదర దాకా చేరనట్టే. రెండు వైపులా అయ్యాక 1000 గ్రిట్ రాతి మీద 22కు ఎత్తి, కత్తి బరువు తప్ప వేరే బరువు వేయకుండా, అటొకటి ఇటొకటిగా వైపుకు ఆరేసి లాగులు చాలు. చివరికి పాత తోలు బెల్టు లోపలి ముఖం మీద, వాదర వెనక్కి ఉండేటట్టు పది సార్లు లాగండి. 3000, 8000 గ్రిట్ రాళ్ల జోలికి పోకండి. తాడు, పీచు కోయడానికి వాదరకు కాస్త గరుకుదనం ఉండాలి, అద్దంలాగా నునుపు చేస్తే నైలాను తాడు మీద జారుతుంది.

తోటలో రాయి లేకపోతే పింగాణీ కప్పును బోర్లించి, అడుగున గ్లేజు లేని గరుకు వలయం మీద లాగండి. ఆ పూటకు పనికి వస్తుంది.

పుత్తూరు తోటమాలి

కాలవలో దొరికే నున్నటి గుండురాయి ఉండగా కప్పు ఎందుకయ్యా?

బాకరాపేట బాటసారి, తిరుపతి

రెండు వారాల తర్వాత వస్తున్నాను. చెప్పినట్టే చేశాను. మడతలు పోగొట్టడానికి ముక్కాలు గంట పట్టింది, 22 దగ్గర చిన్న వాలు ఇవ్వడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. రెండు శనివారాలు అదే చింతకట్టె, అదే కొయ్యసుత్తి. మొదటి శనివారం మూడు టెంకాయలు కూడా వలిచాను. ఈ ఉదయం ట్యూబులైటు కింద చూస్తే పిడి దగ్గర నుంచి అలుగు ముప్పావు భాగం దాకా ఒక్క తెల్ల గీత కూడా లేదు. వాదర అంతటా సమానంగా కొద్దిగా మందగించింది, కాగితం కోస్తోంది కానీ చప్పుడు చేస్తోంది. సానరాయి గారు మొదట చెప్పిన మూడో రకం ఇదే అనుకుంటాను. తోలు బెల్టు మీద పది లాగులు లాగితే చప్పుడు కూడా పోయింది.

ఒక్క చోట మాత్రం పాత కథే. మొన దగ్గర అలుగు పైకి వంపు తిరిగే రెండు సెంటీమీటర్లలో ఇంకా సన్నని మడతలు వస్తున్నాయి. అదే ఉక్కు, అదే ఎత్తు, అక్కడ మాత్రమే ఎందుకు వంగుతోంది?

మదనపల్లె మాస్టారు

మీరు మొదట కొలిచినప్పుడే అక్కడ 1.3 వచ్చిందని రాశారు, నేను గమనించి కూడా వదిలేశాను. వాలు వెడల్పు ఎక్కువైందంటే కోణం తక్కువైందని అర్థం. లెక్క వేస్తే అక్కడ 15.6 వస్తుంది. వాదర వంపు తిరిగిన చోట మీరు పిడిని అదే ఎత్తులో ఉంచితే, ఆ వంపుకు అడ్డంగా చూసిన వాలు తగ్గిపోతుంది. మీ 22 అక్కడ 22 కాదు.

బాకరాపేట బాటసారి, తిరుపతి

మార్కర్ పూసి చూశాను మాస్టారూ. వంపులో నలుపు చివర చెరగలేదు, అర మిల్లీమీటరు వెనక చెరిగింది. మరి అక్కడ బిళ్లల దొంతర ఉపయోగపడదు కదా, ఏం చేయాలి?

పుత్తూరు తోటమాలి

దానికి బిళ్లలు అక్కరలేదు. వంపు మొదలయ్యే చోటికి రాగానే మోచేతిని నెమ్మదిగా పైకి ఎత్తుతూ పిడిని లేపండి, మొన రాతి చివరకు చేరేసరికి పిడి రెండు వేళ్ల ఎత్తు లేచి ఉండాలి. మొన రాతి అంచు దాటి కిందికి జారకముందే ఆపండి, లేకపోతే మొన గుండ్రబడుతుంది. పదిసార్లు ఉత్తినే, రాతికి తగలకుండా గాలిలో ఆడించి చెయ్యి కుదిరాక రాతి మీద పెట్టండి. ఆ తర్వాత మీ నలుపు రంగు పూసి, ఎక్కడ చెరిగిందో మాకు చెప్పండి.